బండి వెనక పోసిన నీళ్లు

"ముందు అతని చేతులకున్న సంకెళ్లు తియ్యి," అంది వెలికా.

"నువ్వు సెలవులో ఉన్నావు," అన్నాడు ఇగ్నాత్. "సెలవులో ఉన్నవాళ్లు సరస్సులో ఈత కొట్టుకోవాలి. నా కేసులో కాదు."

వెలికా చేతిలో చీజ్ కూరిన రొట్టెల పొట్లం ఇంకా వేడిగానే ఉంది. అయిదుగురికి సరిపడా కొనుక్కుని, తెల్లవారుజామున బయల్దేరి, ఎనిమిదిన్నరకి ప్రెస్పా సరస్సు ఒడ్డున ఉన్న ఈ క్యాంపుకి చేరింది. తీరా వచ్చి చూస్తే పోప్లార్ చెట్ల కింద రెండు డేరాలున్నాయి, మెతోదీ బాబాయ్ పాత నీలం వ్యాన్ ఉండాల్సిన చోట మాత్రం ఒట్టి మట్టి ఉంది. పక్కనే పోలీసు జీపు. దాని బంపర్ మీద మెకానిక్ కుజ్మన్, సంకెళ్లు పడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని, మొహం ఇంత చేసుకుని కూర్చున్నాడు. ఇగ్నాత్, వెలికా ఒకే ఏడు పోలీసు బళ్లో చేరారు. ఆనాటినుంచీ ఆమె ఎడ్డెమంటే అతను తెడ్డెమనేవాడు. ఇప్పుడీ జిల్లా అతనిది.

"ఏమైందో చెప్పు. ఆ తర్వాత ఈత కొట్టుకుంటాను," అంది వెలికా.

"డెబ్భై రెండేళ్ల ముసలాయన వ్యాన్‌తో సహా మాయమయ్యాడు. ఆయన ఫోను గడ్డిలో పడి ఉంది. కుర్చీలు మడవలేదు, బల్ల ఎత్తలేదు. ఆరున్నరకి కాఫీ పెట్టుకొచ్చిన ఫిదాంకా చూసి కేకలు పెట్టింది. రాత్రి భోజనాల దగ్గర ఈ కుజ్మన్ ముసలాయన మీద కేకలేసి బెదిరించాడు. క్యాంపు యజమాని చెవులారా విన్నాడు. ఇంకేం కావాలి?"

"ఏమని బెదిరించాడు?"

కుజ్మన్ తనే జవాబిచ్చాడు. "ఆయన చేతిలోంచి తాళాలు లాక్కుంటానన్నా చెల్లీ! ఆ కళ్లతో, ఆ గుండెతో కొండదారిలో బండి నడుపుతాడా? ఈసారి స్టీరింగ్ ముట్టుకుంటే వేళ్లు విరిచేస్తానన్నా. ప్రేమతో అన్నానయ్యా మహానుభావా! ప్రేమతో మాట్లాడితే నా గొంతు అలాగే ఉంటది. మా ఆవిణ్ణి అడుగు!"

వెలికాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ గొంతు ఆమెకి పదకొండేళ్లుగా తెలుసు.

పదకొండు చలికాలాల కిందట గలిచిత్సా కనుమ దారిలో మంచుచరియ విరిగి ఒక చిన్న బస్సు మీద పడింది. వెలికా, కుజ్మన్, ఫిదాంకా, ఆమె భర్త స్పాసే అందులో ఉన్నారు. బస్సు నడిపినవాడు లోజాన్. కొండల్లో రక్షణదళంలో పనిచేసే మెతోదీ ఒంటరిగా ముందొచ్చి, పార విరిగితే చేతుల్తోనే తవ్వాడు. మంచు కింద వెలికాకి మొదట వినిపించింది ఆయన మాటే: "మాట్లాడకమ్మా, ఊపిరి దాచుకో. మాటలన్నీ నేను మాట్లాడతా." స్పాసే ఒక్కడే దక్కలేదు. మిగతావాళ్లు బహుమతులిస్తే ముసలాయన తీసుకోలేదు. తోడొస్తామంటే మాత్రం కాదనలేదు. అప్పటినుంచి ప్రతి వేసవిలో ఆయన వ్యాన్ ముందు, వీళ్ల డేరాలు వెనక. మావ్రోవో చెరువు దగ్గర మొదలుపెట్టి, ఓహ్రిద్ మీదుగా, ఏ కొండ దిగితే ఆ నీళ్ల పక్కన మకాం వేసుకుంటూ వచ్చి, ఆఖరి రాత్రి ప్రెస్పా ఒడ్డున భోజనం చేసి విడిపోతారు. వెలికాకి ఎప్పుడూ ఆఖరి రోజుకే సెలవు దొరుకుతుంది.

ఆమె పీల్చే ప్రతి ఊపిరీ ఆ ముసలాయన పెట్టిన భిక్ష. ఆమె రొట్టెల పొట్లం బల్లమీద పెట్టి, ఫిదాంకా వైపు తిరిగింది.

"అక్కా, రాత్రి ఆయన నీతో ఏమైనా అన్నాడా?"

ఫిదాంకా బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నడుం నొప్పి మూలాన డేరాలో కాకుండా క్యాంపు గదిలో పడుకుంటుంది. కళ్లు ఏడ్చి ఎర్రబడ్డాయిగానీ మాట తొణకలేదు.

"చిక్కుడు గింజలు నానబోస్తుంటే వచ్చాడమ్మా. ఇంకో గుప్పెడు ఎక్కువ పొయ్యి, రేపు మనతో ఇంకో మనిషి తింటాడు అన్నాడు. ఎవరంటే నవ్వాడు. ఈయనగారికీ చెప్పాను నేను. చిక్కుడు గింజలు సాక్ష్యం కాదన్నారు."

"కాదు మరి," అన్నాడు ఇగ్నాత్.

"తిండికి తిరిగొస్తానన్నవాడు కుర్చీలెందుకు మడుస్తాడు ఇగ్నాత్? బల్లెందుకు ఎత్తుతాడు? ఆయన తనంతట తనే వెళ్లాడు."

"ఫోను పారేసుకునా?"

"ఆయన ఫోను ఏడాదికి నాలుగుసార్లు పారేసుకుంటాడు. కిందటేడు పిండిడబ్బాలో దొరికింది."

మూడోవాడు లోజాన్ తన డేరా ముందు నిలబడి సిగరెట్టు తాగుతున్నాడు. అప్పుడు బస్సు డ్రైవరు, ఇప్పుడు జనాన్ని కొండలకి తిప్పే బస్సులు ఆరింటికి యజమాని. మంచి చొక్కా, మంచి బూట్లు. ఈ ప్రయాణం మొత్తంలో అందరికంటే ఎక్కువ వంట పాత్రలు తోమేది కూడా అతనే.

"నువ్వేం విన్నావు లోజాన్?"

"ఏం వినలేదు వెలికా. ఈ కుజ్మన్ గురక మూలాన చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నా. ఫిదాంకా అక్క భుజం పట్టుకుని ఊపేదాకా లేవలేదు." అతను సిగరెట్టు పారేసి బూటుతో నలిపాడు. "ఆయన్ని వెతకండి, మాటల్తో పొద్దుపుచ్చకండి."

"నాది గురకా?" అన్నాడు కుజ్మన్ బంపర్ మీంచి. "బస్సుల ఓనర్ అయ్యాక నీకు అన్నీ చప్పుళ్లే!"

వెలికా వ్యాన్ నిలిపిన చోటికి నడిచింది. వారంగా వానలేదు, నేల పిండిలా మెత్తగా ఉంది. చక్రాల జాడలు కత్తిరించినట్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పోలీసుల బూట్లు ఇంకా అటు తొక్కలేదు, అదొక్కటే అదృష్టం. ఆమె గొంతుక్కూర్చుంది.

వ్యాన్ వెనకభాగం ఉన్న వైపు, రెండు చక్రాల జాడల మధ్య, నేల ఎండి పెళుసుగా పెచ్చుకట్టి ఉంది. పైనుంచి ఒక్కసారిగా నీళ్లు పడి, చుట్టూ చిన్న చిన్న చుక్కలు ఎగిరి, ఆ తర్వాత ఆరిపోయిన మరక అది. ఆ చుక్కలు కొన్ని చక్రాల జాడలమీద పడ్డాయి. అంటే బండి కదిలాకే నీళ్లు పడ్డాయి.

"రేడియేటర్ కారింది," అన్నాడు ఇగ్నాత్ ఆమె వెనక నిలబడి. "పాత బండి కదా."

"రేడియేటర్ ముందుంటుంది. ఇది వెనక. పైగా కారితే మడుగు కడుతుందిగానీ ఇలా చిందదు. నువ్వు పోలీసు పరీక్షకి వెళ్లిన రోజు మీ అమ్మ గుమ్మంలో ఏం చేసింది?"

ఇగ్నాత్ మొహం కొంచెం మెత్తబడింది. "నీళ్లు పోసింది. నా కొత్త బూట్లు తడిపింది కూడా."

"నీళ్లు పారినట్టు దారి సాగాలని. ఇక్కడా ఎవరో అదే చేశారు. మెతోదీ బాబాయ్ ఎవరికీ చెప్పకుండా వెళ్లలేదు. ఆయన వెళ్తుంటే ఒక మనిషి లేచి ఉండి, చూసి, వెనకాల నీళ్లు పోసి సాగనంపారు." వెలికా లేచి ముగ్గురి వైపూ తిరిగింది. "ఎవరు పోశారు?"

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఇది నేరం కాదు. మంచిపని. పోసినవాళ్లు చెప్తే నేను ముద్దుపెట్టుకుంటాను. ఎవరు?"

"నేనైతే కాదమ్మా," అంది ఫిదాంకా. "నాకు తెలిసుంటే కుండెడు పోసేదాన్ని."

కుజ్మన్ తల అడ్డంగా ఊపాడు. లోజాన్ సరస్సు వైపు చూస్తూ, "చెప్పాను కదా, నిద్రలో ఉన్నా," అన్నాడు.

మంచిపని చేసి కాదనేవాళ్లు ఉండరు. వెలికా మనసులో ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆమె మళ్లీ వంగి, వ్యాన్ ముందు ఎడమ చక్రం ఉన్న చోటు వెతికింది. అక్కడ ఇంకో మరక ఉంది, అరచేయంత. వెనకున్నది ఎప్పుడో ఆరిపోతే ఇది ఇంకా నల్లగా, తడిగా మెరుస్తోంది. వేలితో తీసి రాసి చూసింది. జారుతోంది. వాసన చూసింది.

"కుజ్మన్ అన్నా, ఇలా రా."

ఇగ్నాత్ అడ్డుచెప్పేలోపే కుజ్మన్ సంకెళ్లతోనే వచ్చి, మోకాళ్లమీద కూలబడి, ఆ మట్టి చిటికెడు తీసుకున్నాడు. రెండు వేళ్ల మధ్య నలిపాడు. అంత పెద్ద గొంతు పూర్తిగా పడిపోయింది.

"బ్రేకు ఆయిల్, చెల్లీ. చక్రం దగ్గర గొట్టం బిగింపు వదులుచేశారు. ఒక్కసారిగా కారదు. తొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం పోతది. కొండెక్కేదాకా తెలీదు. దిగేటప్పుడు తెలుస్తది."

క్యాంపులో ఎవరో పిల్లలు నీళ్లలో దూకుతున్న చప్పుడు వినిపించింది.

"సరే," అన్నాడు ఇగ్నాత్ నెమ్మదిగా. "వెలికా, నీకు కృతజ్ఞతలు. అపహరణ అనుకున్నా, హత్యాయత్నమని తేల్చావు. ఈ ముగ్గురిలో బ్రేకు గొట్టం విప్పడం ఎవరికి తెలుసు? మెకానిక్‌కి. వేళ్లు విరిచేస్తానన్నది ఎవరు? మెకానిక్. నాకు సగం పని తప్పించావు."

కుజ్మన్ వెలికా వైపు చూశాడు. తను తవ్విన గోతిలో తన మనిషినే తోసినట్టయింది వెలికాకి. కోపాన్ని అదుపులో పెట్టుకుని, చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి నడిచింది. పంపు కింద మెతోదీ ఆకుపచ్చ రేకు బకెట్ బోర్లించి ఉంది. ఆ బకెట్‌కి ఆయన ప్రతి వసంతంలో తన చేత్తోనే రంగు వేస్తాడు. గోరింత గీత పడినా ఒప్పుకోడు.

బకెట్ అడుగున రంగు ముడతలుపడి లేచిపోయింది. నాలుగు ముడతలు, పక్కపక్కన. వెలికా బకెట్‌ని చేతిగుడ్డతో పట్టుకుని, తన వేళ్లు వాటికి ఎదురుగా, తాకకుండా పెట్టి చూసింది. ఒక చేత్తో పిడి పట్టుకుని, ఇంకో చేత్తో అడుగు ఎత్తి నీళ్లు కుమ్మరిస్తే వేళ్లు సరిగ్గా అక్కడే పడతాయి.

"అన్నా, బ్రేకు ఆయిల్ రంగుమీద పడితే ఏమవుతుంది?"

"తినేస్తది. రెండు గంటల్లో పొక్కులొస్తాయి. మా షెడ్డులో కుర్రాళ్లకి మొదట నేర్పేది అదే. చేతికి ఆయిలుంటే బండి రంగు ముట్టుకోవద్దని."

"విన్నావా ఇగ్నాత్? మెకానిక్‌కి అది తెలుసు, ఆ చేత్తో బకెట్ ముట్టుకోడు. ముట్టుకున్నవాడికి అది తెలీదు. ఇంకో సంగతి విను. గొట్టం విప్పిన చెయ్యి, నీళ్లు పోసిన చెయ్యి ఒకటే."

ఇగ్నాత్ పకపకా నవ్వాడు. "చంపాలనుకున్నవాడు క్షేమంగా వెళ్లిరమ్మని నీళ్లు పోస్తాడా? నీకు మతిపోయింది."

"పోయాలని పోయలేదు. వాడు చక్రం దగ్గర పని ముగించేసరికి బాబాయ్ అనుకున్నదానికంటే ముందే లేచుంటాడు. వీడు పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నిలబడ్డాడు. పక్కన బకెట్. బండి కదిలింది. ఇక ఆపితే చేసింది చెప్పాలి. ఆపలేకపోయాడు. మనకి నడక వచ్చినప్పటినుంచి చేతులకి నేర్పిన పని ఒకటుంది కదా, బండి కదలగానే చెయ్యి దానంతటదే చేసేసింది. బుద్ధి వద్దన్నా చెయ్యి పోసింది."

"కోర్టులో చెప్పు ఈ కథ. నీకు ప్రాణం పోసింది ఆ ముసలాయన. నీ కళ్లకి ఈ క్యాంపులో అందరూ దేవుళ్లే. నీలాంటివాళ్లు కేసు చూడకూడదనే నియమం పెట్టారు."

"నా ప్రాణం ఆయన పెట్టిందే. దాచుకోవాల్సిన సంగతి కాదది. దానికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ అదే నీకు పనికొస్తుంది. ఆయన ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలుసు, నీకు తెలీదు."

ఇగ్నాత్ నవ్వు ఆగింది.

"ఈ ఒడ్డునుంచి కొండదారి ఒకటే, గలిచిత్సా కనుమ మీదుగా అవతలి వైపుకి. ఆఖరి రోజు పొద్దున ఆయన కనుమ మీద ఆగి మా అందరికీ తలో కట్ట కొండ టీ కోస్తాడు. మంచు తడి ఆరకముందు కోస్తే ఆకు నల్లబడుతుందని ఒక్క రెమ్మ కూడా ముట్టుకోడు. తడి ఆరేది తొమ్మిది దాటాక. తెల్లారేసరికే పైకెక్కాడనుకో, ఇప్పటిదాకా రాయిమీద కూర్చుని ఎండ కోసం చూస్తుంటాడు. టీ కోసి, బండెక్కి, అవతలికి దిగడం మొదలుపెట్టాడో..." ఆమె మాట పూర్తిచెయ్యలేదు. "పైన ఫోన్లు పలకవు. నువ్వు అవతలి ఠాణాకి చెప్పి కిందనుంచి దారి ఆపించు. నేను ఇటునుంచి వెళ్తున్నా."

ఇగ్నాత్ ఒక్క మాట కూడా వాదించకుండా వైర్‌లెస్ అందుకున్నాడు. అతని మొండితనం ఎంత ఉన్నా మనిషి ప్రాణం దగ్గర వెనకాడడు. ఆ మేరకు అతనికీ ఋణపడి ఉండాల్సిందేనని వెలికా అనుకుంది.

"కుజ్మన్ నా జీపులో వస్తాడు," అన్నాడు ఇగ్నాత్. "సంకెళ్లతో."

"బ్రేకు బాగుచెయ్యాలంటే ఆ చేతులే కావాలి. దార్లో ఆలోచించుకో."

ఫిదాంకా అప్పటికే వెలికా కారు వెనకసీట్లో కూర్చుంది, దింపడం ఎవరి తరమూ కాదన్నట్టు. లోజాన్ కాసేపు డేరా ముందే నిలబడి, ఉన్నట్టుండి పరుగున వచ్చి ముందుసీట్లో కూలబడ్డాడు. వెలికా ఆకుపచ్చ బకెట్‌ని గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టింది.

దారంతా మెలికలే. ప్రతి మలుపులో వెలికా ముందు లోయ వైపు చూసింది, తర్వాత రోడ్డు వైపు. పక్కన లోజాన్ చేతులు రెండూ మోకాళ్ల మధ్య బిగించుకుని కూర్చున్నాడు. వెనక ఫిదాంకా తనలో తాను గొణుక్కుంటోంది.

"ఈ కొండమీద ఆ తనాస్‌గాడు ఆ రోజు గేటు దించి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నా స్పాసే ఇవాళ నాతో ఉండేవాడు. అవతలి ఊళ్లోనే ఉంటాడుట ఇంకా. ఏటా స్పాసే తద్దినానికి రొట్టె పంపిస్తాడు, సిగ్గులేకుండా."

కనుమ మీద చలికాలపు గేటుకి కాపలా ఉన్నవాడు తనాస్. మంచు ప్రమాదం ఉందని గేటు దించాల్సిన రోజున దించలేదన్నారు. దించానని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది, ఊళ్లో పలకరించేవాళ్లు పోయారు. లోజాన్ కిటికీ వైపు తిరిగి కూర్చోవడం వెలికా గమనించింది.

పైకి చేరేసరికి ఎండ బాగా కాస్తోంది. కనుమ దగ్గర, రోడ్డు అంచున, నీలం వ్యాన్ నిలబడి ఉంది. నాలుగు చక్రాల కిందా రాళ్లు పెట్టి ఉన్నాయి. దాని నీడలో మడత కుర్చీ వేసుకుని, టోపీ కళ్లమీదికి లాక్కుని, ఒళ్లో టీ రెమ్మలు కట్టలు కట్టుకుంటున్నాడు మెతోదీ.

వెలికా కారు ఆపిందో లేదో ఆమెకే తెలియదు. పరుగెత్తి వెళ్లి ఆయన మెడచుట్టూ చేతులు వేసింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"మాట్లాడకమ్మా, ఊపిరి దాచుకో," అన్నాడు ముసలాయన ఆమె వీపు తడుతూ. "రొట్టె తెచ్చావా?"

"బాబాయ్, మీ బ్రేకు..."

"తెలుసు. కింద మలుపులు దాటేసరికే పెడల్ లోపలికి పోయింది. వెనక్కి దిగడం ఇంకా ప్రమాదం. ఎక్కడానికి బ్రేకెందుకు? మొదటి గేరులో తాబేలులా ఎక్కించా. దించడానికి ఎలాగూ కుజ్మన్ వస్తాడు, నా వేళ్లు విరవడానికైనా." జీపులోంచి దిగుతున్న కుజ్మన్‌ని, అతని చేతులకున్న సంకెళ్లని చూశాడాయన. "అవెందుకు?"

"అదంతా తర్వాత," అన్నాడు ఇగ్నాత్. "ఎక్కడికి బయల్దేరారు మీరు?"

"అవతలి ఊళ్లో ఒక మనిషిని తీసుకురావడానికి. రాత్రి భోజనానికి పిలిచా. ఎందుకో మాత్రం నేను చెప్పను. చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు, వాడికి రాత్రిదాకా గడువుంది."

ఆయన కుర్చీలోంచి లేచాడు. టీ కట్టలు ఒక్కొక్కటే తీశాడు. ఒకటి ఫిదాంకాకి, ఒకటి వెలికాకి, ఒకటి కుజ్మన్ సంకెళ్ల మధ్య దోపాడు. అన్నిటికంటే పెద్దది చేతిలో ఉంచుకుని లోజాన్ దగ్గరికి నడిచాడు. అతను ఇంకా కారు తలుపు పట్టుకునే నిలబడి ఉన్నాడు.

"ఇది నీకురా. మా ఆవిడ జెలనా పోయాక నా బండి వెనక నీళ్లు పోసినవాళ్లు లేరు. పొద్దున పక్క అద్దంలో చూశా. పంపు దగ్గరినుంచి ఆ పచ్చ బకెట్ ఎత్తుకుని పరుగున వచ్చి పోశావు. నా కళ్లు తడిశాయిరా. ఆపి, దిగి, నిన్ను కౌగిలించుకుందామనుకున్నా. నీళ్లు పోశాక బండి ఆపకూడదంటారు కదా, అందుకని ఆపలేదు. బతికుండగా థాంక్స్ చెప్పాలి కదా, ఇదిగో, చెప్తున్నా."

ఇగ్నాత్ తల మెల్లగా వెలికా వైపు తిరిగింది. ఆ తర్వాత ఆమె కారు డిక్కీ వైపు. ఇక అతనికి ఏదీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. జేబులోంచి తాళంచెవి తీసి కుజ్మన్ సంకెళ్లు విప్పాడు.

లోజాన్ టీ కట్ట అందుకోలేదు.

"గేటు ఎత్తింది నేనే," అన్నాడు. ఆ మాట ముసలాయనతో కాదు, ఫిదాంకాతో. "తనాస్ దించే ఇంటికెళ్లాడక్కా. ఓహ్రిద్ చేరడం ఆలస్యమవుతుందని నేనే దిగి ఎత్తా. బస్సులో మీరంతా నిద్రలో ఉన్నారు. మొన్న రకియా సారా తాగి బాబాయ్‌తో అనేశా. ఆఖరి రాత్రి తనాస్ ముందు, అందరి ముందు నువ్వే చెప్పు, చెప్తే నీ పక్కన నేను నిలబడతా అన్నాడు. నాకు ధైర్యం చాల్లేదు."

ఫిదాంకా చేతిలోని టీ కట్టని గుండెకి అదుముకుంది. ఆమె నోటినుంచి వచ్చింది స్పాసే పేరు కాదు.

"పదకొండేళ్లు తనాస్ పంపిన రొట్టె కుక్కలకేశాను నేను," అంది. "ఏం రాయివిరా నువ్వు? పక్కన కూర్చుని నా గిన్నెలు తోముతూ..."

"నీ బాధ తెలుసమ్మా, నాకు తెలుసు," అన్నాడు మెతోదీ నొచ్చుకుంటూ. "రాత్రి చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాడు. చెప్పాడు కదా, అది చాలు."

"అది మాత్రమే కాదు బాబాయ్," అంది వెలికా. ఇంత కష్టమైన మాట ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ చెప్పలేదు. "మీ బకెట్‌కి అడుగున రంగు లేచిపోయింది. నీళ్లు పోసిన చేతికి బ్రేకు ఆయిలుంది."

ముసలాయన రాళ్లు పెట్టిన తన బండి చక్రం వైపు చూశాడు. దాని పక్కనే మొదలయ్యే అవతలి దిగుడు వైపు చూశాడు. తర్వాత లోజాన్ చేతుల వైపు. లోజాన్ వాటిని దాచుకోలేదు, ముందుకి చాపి పట్టుకున్నాడు.

"బాబాయ్, బండి కదలగానే అరుద్దామనుకున్నా. గొంతు రాలేదు. నీళ్లే వచ్చాయి."

వెలికా ముసలాయన మోచేయి పట్టుకుంది. ఆయన ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, టీ కట్టని లోజాన్ చాపిన చేతుల్లో పెట్టి, ఆ వేళ్లని దానిచుట్టూ మూశాడు.

"ఇది నువ్వు పోసిన నీళ్లకి. నేను పైదాకా వచ్చాను, బతికున్నాను. ఆ ఋణం నేను ఉంచుకోను. రెండో సంగతి నాది కాదు, దాన్ని వెలికా చూసుకుంటుంది." ఆయన కుజ్మన్ వైపు తిరిగాడు. "బండి బాగుచెయ్యరా. అవతలి ఊళ్లో తనాస్ పొద్దుటినుంచి మంచి చొక్కా వేసుకుని నా కోసం చూస్తుంటాడు. ఈ కబురు వాడికి నేనే చెప్పాలి."

కుజ్మన్ బండి కింద దూరాడు. ఫిదాంకా వెలికా తెచ్చిన రొట్టెల పొట్లం కోసం కారులో వెతికి, అది కింద బల్లమీదే ఉండిపోయిందని చెప్పి, అప్పుడు ఏడ్చింది. ఇగ్నాత్ సంకెళ్లు తెరిచి పట్టుకుని లోజాన్ ముందు నిలబడ్డాడు. ఆ రెండు చేతుల మధ్య టీ కట్ట ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టాలో, ఉండనిచ్చి సంకెళ్లు వెయ్యాలో తెలియక, అతను మొదటిసారిగా వెలికా వైపు సలహా కోసం చూశాడు.

"ఉండనియ్యి," అంది వెలికా.